మంచు నేల కింద ముసలి యంత్రాలు

ఐస్ రింకుల్లో పాతబడిన శీతల యంత్రాలను మార్చడం గురించి మన కాలేజీ సావనీర్లో వ్యాసమేమిటని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే దేశం మనది. మనలో చాలామంది ఐసును చూసింది సోడా బండి దగ్గరో, చేపల రేవులోనో, పెళ్ళివారి వంటశాలలోనో. ఆ ఐసు మీద కాళ్ళకు కత్తుల్లాంటి ఇనుప పట్టీలు కట్టుకొని జారుతూ ఆడే ఆటకూ మనకూ ఏమిటి చుట్టరికం అని అడగడం న్యాయమే.

చుట్టరికం ఉంది. ఆట మాట అలా ఉంచండి. ఆ ఆట కింద ఒక యంత్రం ఉంది. దాన్ని ప్రజల డబ్బుతో కొన్నారు. కొన్నాళ్ళకు అది ముసలిదయింది. మార్చాలా, ఇంకో ఏడాది లాగాలా అన్న ప్రశ్న ఏటేటా ఒక మునిసిపల్ కౌన్సిలు ముందుకు వస్తుంది. ఏటేటా పై సంవత్సరానికి వాయిదా పడుతుంది. ఇది మనకు బొత్తిగా తెలియని కథేమీ కాదు గదా! పైగా మన పూర్వ విద్యార్థులు ఎందరో ఈనాడు కెనడాలో, అమెరికాలో కాపురాలుంటున్నారు. వాళ్ళ పిల్లలు సాయంత్రం పూట బూట్ల తాళ్ళు బిగించుకునేది ఇలాంటి రింకుల్లోనే.

ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఐసు ఫ్యాక్టరీ చూసినవాళ్ళకు ఇది అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు. ఫ్యాక్టరీలో పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్ళుంటాయి. వాటిలోకి మంచినీళ్ళు నింపిన రేకు డబ్బాలు దింపుతారు. అమోనియా పైపులు ఆ ఉప్పునీటిని సున్నాకు బాగా దిగువకు చల్లబరుస్తాయి. ఉప్పునీరు గడ్డకట్టదు, డబ్బాలోని మంచినీరు గడ్డకడుతుంది. రింకులో జరిగేదీ ఇంతే. డబ్బాల బదులు అక్కడ ఒక పెద్ద సిమెంటు గచ్చు ఉంటుంది. హాకీ ఆడే రింకు అయితే 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఆ గచ్చులో మైళ్ళ పొడవున పైపులు పరుస్తారు. వాటిలో కాల్షియం క్లోరైడు కలిపిన నీరు, దాన్నే బ్రైన్ అంటారు, సున్నాకు తొమ్మిది పది డిగ్రీలు దిగువన తిరుగుతూ ఉంటుంది. గచ్చు మీద పొరలు పొరలుగా నీళ్ళు చల్లితే అంగుళం, అంగుళంన్నర మందాన ఐసు పేరుకుంటుంది. అంత పల్చటి ఐసు మీద ఒక ఊరి పిల్లలంతా ఆడుకుంటారు.

బ్రైన్‌ను చల్లబరిచే పాత్రను చిల్లర్ అంటారు. పాతకాలపు చిల్లర్ అంటే ఒక ఉక్కు పీపా, దాని లోపల గుత్తులు గుత్తులుగా సన్నని గొట్టాలు. గొట్టాల్లో బ్రైన్, గొట్టాల చుట్టూ అమోనియా. రెండింటికీ నడుమ అడ్డంగా ఉండేది పల్చటి లోహపు గోడ. ఉప్పునీరు ఇనుమును తింటుందని హైస్కూలు పిల్లవాడికి కూడా తెలుసు. బ్రైన్‌లో తుప్పును ఆపే రసాయనాలు సరిగా కలిపి, తరచూ పరీక్షించుకుంటూ పోతే ఆ గోడ రెండు దశాబ్దాలో, ఆ పైన కొన్నేళ్ళో నిలుస్తుంది. ఎప్పటికీ నిలవదు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. కంప్రెసరు ముసలిదైతే చప్పుడు చేస్తుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, మెకానిక్ చెవికి తెలిసిపోతుంది. చిల్లర్ లోపలి గొట్టం మాత్రం చప్పుడు చేయకుండా అరుగుతుంది. పైనుంచి చూస్తే పీపా నిక్షేపంగా ఉంటుంది.

ఈ విద్య పుట్టి నూటయాభై ఏళ్ళయింది. 1876లో లండన్‌లోని చెల్సీలో జాన్ గామ్జీ అనే ఆయన యంత్రంతో గడ్డకట్టించిన తొలి రింకు తెరిచాడు. ఆయన పశువైద్యుడు. దూరదేశాల నుంచి మాంసం చెడిపోకుండా ఓడల్లో తెచ్చే ఉపాయం వెతుకుతూ ఈ పద్ధతి కనిపెట్టాడు. రింకుల్లో ఐసును నున్నగా చేసే బండికి పేరుపడ్డ ఫ్రాంక్ జాంబోనీ సంగతీ అలాంటిదే. కాలిఫోర్నియాలో ఆయన కుటుంబం ఐసు దిమ్మలు చేసి అమ్మేది. ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చి దిమ్మల గిరాకీ పడిపోతే, తెలిసిన ఆ శీతల విద్యతోనే 1940లో రింకు పెట్టారు. ఆ బండి 1949లో తయారైంది. ఐసు ఫ్యాక్టరీకీ ఐస్ రింకుకూ చుట్టరికం ఉందని ఊరికే అనలేదు. రెండూ ఒక తల్లి బిడ్డలే.

కెనడాలో చిన్న పట్టణానికి రింకు అంటే మన పల్లెలో రచ్చబండ, గుడి ముంగిలి, గ్రంథాలయం మూడూ కలిపినట్టు. ఆరు నెలల చలికాలంలో జనం ఒకరినొకరు చూసుకునే చోటు అదే. 1967లో ఆ దేశ శతవార్షికోత్సవం జరిగిన రోజుల్లో ఊరూరా ఉత్సాహంగా రింకులు కట్టుకున్నారు. చాలావాటికి ఆ శతవార్షికోత్సవం పేరే పెట్టారు. యుద్ధంలో పోయినవారి స్మారకంగా కట్టినవీ ఉన్నాయి. భవనాల మీద పేర్లు శిలాక్షరాలతో నిలిచాయి. వెనక గదిలోని యంత్రం వయసు ఎవరి నోటా రాలేదు.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, రాకీ పర్వతాల మధ్య, ఫెర్నీ అనే చిన్న ఊరుంది. 2017 అక్టోబరు 17న ఆ ఊరి మెమోరియల్ ఎరీనాలో అమోనియా లీకై ముగ్గురు మనుషులు చనిపోయారు. ఇద్దరు పురపాలక ఉద్యోగులు, ఒకరు మరమ్మతుకు వచ్చిన కంపెనీ పనివాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. టెక్నికల్ సేఫ్టీ బి.సి. అనే భద్రతా సంస్థ విచారణ చేసి 2018లో నివేదిక ఇచ్చింది. కర్లింగ్ ఆటకు, అంటే మంచు మీద బరువైన రాతిగుండ్లు జార్చే ఆటకు, ఐసు కట్టే చిల్లర్‌లో ఒక గొట్టానికి అతుకు దగ్గర తుప్పు వల్ల సన్నని చిల్లి పడింది. దాంట్లోంచి అమోనియా బ్రైన్‌లోకి దిగింది. బ్రైన్ పైపుల్లో ఒత్తిడి పెరిగి ఒక జాయింటు ఊడిపోయి విషవాయువు యంత్రాల గదిలోకి చిమ్ముకొచ్చింది.

ఇంతవరకూ అయితే ప్రమాదమనుకొని దుఃఖించి ఊరుకోవచ్చు. కాని అదే నివేదికలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఆ చిల్లర్‌ను మార్చాలన్న మాట ఏళ్ళ ముందే వచ్చింది, వాయిదా పడింది. ఆ ఏడాది వసంతంలోనే బ్రైన్‌లో అమోనియా జాడ కనబడింది. అయినా సీజను మొదలయ్యే వేళకు దాన్ని తిరిగి నడిపించారు. నడిపించిన మర్నాడే ఈ ఘోరం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మామూలు మానవ స్వభావం. ఇక్కడ చేతులు కాలకముందే సెగ తగిలింది. అయినా ఆకుల కోసం ఎవరూ లేవలేదు!

ఎందుకు లేవలేదు? ఆ కౌన్సిలు సభ్యులు దుర్మార్గులా? కానక్కర లేదు. మీరూ నేనూ ఆ కుర్చీలో కూర్చున్నా ఇదే చేసే ప్రమాదముంది. బడ్జెటు కాగితం మీద ఒకవైపు కొత్త రోడ్డు, కొత్త పార్కు. వాటికి రిబ్బను కత్తిరింపు ఉంటుంది, ఫొటో ఉంటుంది. ఇంకోవైపు తలుపు వేసిన గదిలో ఒక ఉక్కు పీపా. అది మార్చితే ఐసు ఇదివరకు ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుంది. చూసి మెచ్చుకునేవాడు లేడు. నిరుడు చెడలేదు, అంతకు ముందేడూ చెడలేదు, అంచేత వచ్చే ఏడాదీ చెడదులే అనుకుంటారు. యంత్రం విషయంలో ఈ తర్కం తలకిందులు. చెడకుండా గడిచిన ప్రతి ఏడాదీ దాన్ని చెడిపోవడానికి దగ్గర చేస్తుంది.

మార్పిడికి ఎదురు చెప్పేవారి వాదాలు కూడా వినాలి. మొదటిది డబ్బు. ఐదారు వేల మంది ఉండే ఊరికి చిల్లరూ కంప్రెసర్లూ కొత్తవి పెట్టడమంటే మోయలేని బరువు. రింకు లాభం తెచ్చే సరుకు కాదు. నిజమే. అందుకే ఊరి మీద మొత్తం భారం వేసి ఊరుకోకూడదు. క్యూబెక్ రాష్ట్ర ప్రభుత్వం పాత శీతల ద్రవ్యాలతో నడిచే రింకుల్లో యంత్రాలు మార్చుకోవడానికి సహాయధనం పథకం పెట్టి దారి చూపింది. ఇక రెండో మాట: రింకు కరెంటు బిల్లులో పెద్ద వాటా ఈ యంత్రానిదే. నేల నుంచి లాగేసిన వేడిని పాత యంత్రాలు బయటి గాలిలోకి వదిలేస్తాయి. కొత్త ఏర్పాట్లలో ఆ వేడినే పట్టుకొని స్నానాల గదులకు వేన్నీళ్ళు, ప్రేక్షకుల గ్యాలరీకి వెచ్చదనం, ఐసును నున్నగా చేసే బండికి వేడినీళ్ళు సమకూరుస్తున్నారు. ఒక చేత్తో వేడిని పారబోస్తూ ఇంకో చేత్తో గ్యాసు కాల్చి నీళ్ళు కాచుకోవడం ఏ ఇల్లాలూ ఒప్పుకోని దుబారా.

రెండో వాదం: అమోనియానే నిషేధిస్తే పోలా? ఇది వినడానికి బాగుంటుంది. అమోనియా విషవాయువే, సందేహం లేదు. గాలిలో పది లక్షల భాగాలకు 300 భాగాలుంటేనే ప్రాణాపాయకరమని భద్రతా నిపుణులు లెక్క కట్టారు. కాని దానికి రెండు సుగుణాలున్నాయి. ఒకటి, అది ఓజోన్ పొరను తాకదు, భూగోళాన్ని వేడెక్కించదు. రెండు, దాని ఘాటైన వాసన కొద్ది మోతాదులోనే ముక్కుకు తగిలి హెచ్చరిస్తుంది. అమోనియాకు భయపడి చాలా రింకుల వాళ్ళు ఆర్-22 అనే కృత్రిమ ద్రవ్యాన్ని పట్టుకున్నారు. అది ఓజోన్ పొరకు చిల్లులు పెట్టేది. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే దాదాపు 1,800 రెట్లు భూమిని వేడెక్కించేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని క్రమంగా తగ్గించుకుంటూ వచ్చారు. అమెరికాలోనూ కెనడాలోనూ 2020 నుంచి కొత్తగా తయారీ, దిగుమతి ఆగిపోయాయి. మన దేశం గడువు 2030. దాని బదులు వచ్చిన ఆర్-507 వంటివి ఓజోన్‌ను ఏమీ అనవు గాని భూమిని వేడెక్కించడంలో దాదాపు నాలుగువేల రెట్లు! వీటిని తగ్గించడానికి 2016లో కిగాలీలో మళ్ళీ ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే.

మరి దారేమిటి? చిత్రమేమిటంటే, అందరూ తిట్టే ఆ బొగ్గుపులుసు వాయువే ఇక్కడ మంచి సేవకుడు. 2010లో క్యూబెక్‌లోని సెయింట్ జెడియోన్ అనే చిన్న ఊళ్ళో పూర్తిగా దాంతోనే నడిచే రింకు వచ్చింది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్ జరిగిన విశాలమైన మంచు నేలను కూడా దాంతోనే గడ్డకట్టించారు. అయితే దానికీ పరిమితులున్నాయి. పైపులు వంద బార్ల దాకా ఒత్తిడి తట్టుకోవాలి. బయట 31 డిగ్రీలు దాటితే అది మామూలు పద్ధతిలో ద్రవంగా మారదు, పని భారమవుతుంది. క్యూబెక్ చలిలో బంగారంలా పనిచేసేది మన ఎండల్లో అంత చౌకగా పనిచేస్తుందని అనుకోరాదు. వేడి ప్రాంతాల్లో తక్కువ అమోనియాతో నడిచే ప్లేట్ల చిల్లర్లు, మంచి గాలి ఏర్పాటు, వాయువును పసిగట్టే పరికరాలు, గది బయటనుంచే యంత్రాన్ని ఆపే మీట ఉంటే మేలు కావచ్చు. ఏతావాతా చెప్పేదేమంటే, ద్రవ్యం పేరు చూసి భయపడడమో మురిసిపోవడమో చాలదు. ఊరి వాతావరణం చూసుకొని, ఇంజనీరు లెక్క చూసుకొని ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా దానికీ ఒకనాటికి వయసు మీరుతుంది. ఆ సంగతి మరవకూడదు.

మన దేశం సంగతికి వద్దాం. సిమ్లాలో 1920 నుంచి ఒక రింకు ఉంది. దానికి యంత్రం లేదు. రాత్రి చలికి నీళ్ళు గడ్డకట్టాలి. చలికాలాలు వెచ్చబడుతున్నకొద్దీ అక్కడ ఐసు నిలిచే రోజులు తగ్గుతున్నాయి. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కోట్లు పోసి యంత్రాలతో లోపలి రింకు కట్టారు. పోటీలు అయిపోయాయి, అతిథులు వెళ్ళిపోయారు. కరెంటు ఖర్చూ నిర్వహణ భారమూ మోసేవారు లేక పదేళ్ళకు పైగా తలుపులు మూతబడ్డాయి. దాన్ని బాగుచేసి మళ్ళీ నడిపించాక 2025 ఆగస్టులో ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ పోటీలు జరిగాయి. సంతోషమే. కాని మధ్యలో పోయిన ఆ ఏళ్ళను ఎవరు తిరిగిస్తారు? ఒక పిల్ల ఎనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టాల్సిన ఆటకు పదేళ్ళ తాళం అంటే ఒక తరం పోయినట్టే. ఫెర్నీలో యంత్రాన్ని ఆపాల్సిన వేళ ఆపలేదు. డెహ్రాడూన్‌లో నడపాల్సిన వేళ నడపలేదు. రెండింటికీ మూలం ఒక్కటే. కట్టడానికి డబ్బు దొరికింది, కాపాడడానికి దొరకలేదు.

ఇదంతా ఆటల గొడవ అని ఇంకా అనిపిస్తే, మన గడ్డ మీద జరిగినవి గుర్తు చేసుకోండి. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని చంపిన ఆ రసాయనాన్ని చల్లగా ఉంచే శీతల యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరికి 12 మంది బలయ్యారు. అక్కడా పాత ట్యాంకే, అక్కడా శీతల వ్యవస్థను ఇరవైనాలుగు గంటలూ నడపలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. ఆ తర్వాత నెలలో నంద్యాలలో ఒక కర్మాగారంలో అమోనియా లీకై ఒకరు చనిపోయారు. గుంటూరు మిర్చి కోల్డు స్టోరేజీలు, కాకినాడ, విశాఖ రేవుల ఐసు ఫ్యాక్టరీలు, కోస్తా పొడుగునా రొయ్యల కర్మాగారాలు: వీటిలో చాలావాటికి ప్రాణం ఆ అమోనియాయే. అక్కడ పనిచేసే ఆడకూతుళ్ళు, ఆపరేటర్లు, హమాలీలు ఆ పీపా వయసు ఎంతో అడిగి తెలుసుకోగల స్థితిలో ఉన్నారా?

నా మనవి నాలుగు మాటల్లో చెబుతాను. ఒకటి, ప్రజల డబ్బుతో పెద్ద యంత్రం కొన్ననాడే దాన్ని దించేసే సంవత్సరం కాగితం మీద రాయాలి. అప్పటికి కావలసిన సొమ్ము ఏటా కొంత విడిగా దాచాలి. ఆ నిధిని ఇంకో పనికి మళ్ళించే హక్కు ఎవరికీ ఉండరాదు. రెండు, లీకు ఉందని తెలిసిన యంత్రాన్ని నడపాలా వద్దా అన్నది ఓటుకు పెట్టే విషయం కాదు. ఆపే అధికారం ఆ గదిలో నిలబడే ఆపరేటరుకే ఉండాలి, ఆపినందుకు అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదు. మూడు, తనిఖీ తేదీ, యంత్రం వయసు, బ్రైన్ పరీక్ష ఫలితం తల్లిదండ్రులు పిల్లలకు బూట్లు తొడిగే చోటే గోడ మీద అతికించాలి. నాలుగు, చిన్న ఊళ్ళకు పై ప్రభుత్వం చేయూతనివ్వాలి. పేద ఊరి పనివాడి ప్రాణం చౌక కాదు.

ఇందులో మన కాలేజీకి ఒక పాఠముంది. ఇంజనీరింగు చదివే మిత్రుల్ని ఏమవుతావని అడిగితే డిజైనర్నవుతాను, మేనేజర్నవుతాను అంటారు గాని, మెయింటెనెన్సులో చేరతానని ఛాతీ విరిచి చెప్పేవాడు అరుదు. నూనె మరకల చొక్కా అంటే మనకు చిన్నచూపు. మన చుట్టూ చూడండి: శంకుస్థాపనకు ఫలకముంటుంది, ప్రారంభోత్సవానికి ఫలకముంటుంది, ముప్పై ఏళ్ళు ఆ భవనాన్ని నిలబెట్టిన మనిషికి ఫలకం ఉండదు. మన సిలబస్‌లో యంత్రం పుట్టుకకు బోలెడు చాప్టర్లు, దాని వృద్ధాప్యానికి ఎన్ని పేజీలు? అధ్యాపకులు ఈ మాట ఆలోచించాలని కోరుతున్నాను.

ఫెర్నీలో పోయిన ముగ్గురూ ఆటగాళ్ళు కారు. ఇతరులు ఆడుకోవడానికి నేల చల్లగా ఉంచడం వాళ్ళ పని. పిల్లలు ఐసు మీద గిరికీలు కొడుతుంటే కనబడని గదిలో నిలబడ్డ మనుషులు వాళ్ళు. అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. మిత్రులారా, రేపు మీలో ఒకరు కమిషనరవుతారు, ఒకరు కౌన్సిలరవుతారు, ఒకరు బడ్జెటు మీద సంతకం పెట్టే ఆఫీసరవుతారు. మీ ముందుకు ఏ కొత్త యంత్రం ఫైలు వచ్చినా సరే, సంతకానికి ముందు రెండు ప్రశ్నలు అడగండి: దీన్ని ఏ సంవత్సరంలో దించేస్తారు? అప్పటి డబ్బు ఎక్కడ దాస్తున్నారు? జవాబు రాకపోతే కలం మూత తీయకండి.